వేరే వనరు లేనందున

మంచినీళ్ల ప్రమాణాల పట్టికలో చాలా పదార్థాలకు ఎదురుగా రెండు కాలమ్‌లు ఉంటాయి. మొదటి కాలమ్‌లోని అంకె, నీళ్లలో ఇంతకు మించి ఉండకూడదని చెబుతుంది. రెండో కాలమ్‌లోని అంకె దానికన్నా పెద్దది. వేరే నీటి వనరు లేనప్పుడు ఇంతవరకు సర్దుకోవచ్చని దాని అర్థం. ల్యాబ్‌లో చేరిన కొత్తవాళ్లకు మొదటి కాలమ్ ఎవరైనా నేర్పుతారు. రెండో కాలమ్‌తో ఎట్లా మెలగాలో ఎవరూ నేర్పరు. నాకూ నేర్పలేదు.

నేను వరంగల్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, మున్సిపల్ నీళ్ల విభాగంలో అనలిస్టుగా చేరాను. రాష్ట్రం వచ్చిన ఏడాది రిటైరయ్యాను. ఆ రెంటి మధ్య ఏళ్లలో ఉప్పల్, నాచారం, కాప్రా వైపు నేను శాంపిల్ పట్టని బోరు తక్కువ. ఏ ఏడు ఏ గ్రేడు వచ్చింది, నా ఫైలు ఎవరు ఆపారు అన్నవి రాయను. అవి మీకు అక్కరకు రావు. నేను పనిచేసిన ఆఫీసు పేరూ రాయను. ఒక్క బోరు సంగతి మాత్రం దాచకుండా రాస్తాను. ఆ బోరు విషయంలో నేను తప్పు చేశాను. ఒకసారి కాదు.

షెడ్ల వెనక బస్తీ

అవి రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. ఉప్పల్ దాటితే బోడుప్పల్ దాకా ప్లాట్ల రాళ్లు పాతుతున్న రోజులు. పెద్ద రోడ్డు పక్క కాలనీలకు నది నీళ్లు వచ్చేవి. లోపలి బస్తీలకు మున్సిపల్ బోర్లే దిక్కు. నాచారంలో ఫ్యాక్టరీ షెడ్ల వెనక అట్లాంటి బస్తీ ఒకటుండేది. నల్గొండ, మహబూబ్‌నగర్, వరంగల్ పల్లెల నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లే అందరూ. మా రిజిస్టర్‌లో వాళ్ల బోరు నంబరు పదకొండు. పక్కనే ఒక సిమెంటు ట్యాంకు, దానికి నాలుగు నల్లాలు. బస్తీ మొత్తం తాగేది ఆ నాలుగు నల్లాల నీళ్లే.

బోరు నడిపే ఐలయ్య బయటినుంచి వచ్చినవాడు కాదు, ఆ ఊరి మనిషే. "మేడం, మీరు నిలవడ్డ జాగల మా నాయిన జొన్నలేసిండు" అని మొదటిరోజే చెప్పాడు. పొలం పోయింది, అదే పొలంలో వేసిన బోరుకు స్విచ్ వేసే పని మిగిలింది. ఆ మాట బాధపడుతూ చెప్పలేదు. ఎవరో పక్కింటివాళ్ల కథ చెప్పినట్టు చెప్పాడు.

నైట్రేట్ పరీక్షలో నీళ్లు పసుపు రంగు తిరుగుతాయి. నైట్రేట్ ఎంత ఎక్కువుంటే పసుపు అంత చిక్కగా వస్తుంది. పదకొండో నంబరు నీళ్లు మొదటిసారి పరీక్ష చేసినప్పుడు మా అటెండర్ కూడా ఆగి చూశాడు. లెక్క కట్టి చూస్తే అంకె మొదటి కాలమ్‌ను బాగా దాటింది. రెండో కాలమ్‌కు మాత్రం లోపలే ఉంది.

ఐలయ్య, "ఫ్యాక్టరీలే మేడం, ఇంకేంది" అన్నాడు. బస్తీ అంతా అదే మాట. నేనూ ముందు అదే అనుకున్నాను. తీరా రెండుసార్లు బస్తీ అంతా తిరిగి చూస్తే, ఇళ్ల వెనక సిమెంటు లేని మరుగుదొడ్డి గుంతలు, పగిలిన మురుగు మోరీ, బోరుకు పది అడుగుల దూరంలో బర్రెల కొట్టం కనిపించాయి. నైట్రేట్ అక్కడినుంచే భూమిలోకి దిగుతోంది. కోపం చూపించడానికి ఒక పెద్ద గోడ ఉంటే మనిషికి సుఖంగా ఉంటుంది. మీ కాళ్ల కింద ఉన్న గుంతే కారణమని చెబితే ఎవరికీ నచ్చదు. నేనూ గట్టిగా చెప్పలేకపోయాను.

నైట్రేట్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి తాగినా పైకి ఏమీ కనిపించదు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు మాత్రం అది ప్రమాదం. వాళ్ల నెత్తురు గాలిని మోయలేకపోతుంది, ఒళ్లు నీలంగా మారుతుంది. ఇదంతా నేను పుస్తకంలో చదివాను. చూడలేదు.

ఆ రోజు శాంపిల్ పడుతుంటే నల్లా దగ్గర ఒక ముసలామె నా పక్కకు వచ్చింది. పేరు పెంటమ్మ. నడుము సగానికి వంగిపోయి, మొహం ఎత్తాలంటే మెడ పక్కకు తిప్పి చూడాల్సి వచ్చేది. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ ఊరు వాళ్లది.

"మా ఊరి నీళ్లు తాగీ తాగీ నా నడుము గిట్లయింది బిడ్డా" అంది. "ఈ నీళ్లు సూడు, కొబ్బరి నీళ్ల లెక్క ఉన్నయ్. ఈ నీళ్ల కోసమే కొడుకును, కోడలును తీస్కొని ఊరిడిసి వచ్చిన."

నేను సీసా మూత బిగించాను. దాని మీద నంబరు వేశాను.

ఆరు నెలల మాట

మా పై ఆఫీసరు నరహరి సార్. మంచి ఇంజనీరు. ఎండలో నిలబడి పైపు జాయింట్లు తనే చూసుకునే రకం. రిపోర్టు తీసుకెళ్లి, "ఈ బోరు మూసెయ్యాలి సార్" అన్నాను.

"మూసి?" అన్నారు.

"ట్యాంకర్ పంపిద్దాం సార్."

"ట్యాంకర్ ఎక్కడ నింపుతరమ్మా? ఇంకో బోరు కాడనే గదా. ఆ బోరు నీళ్లు నువ్వు పరీక్ష జేసినవా? రేపు పొద్దుగాల ఆడోళ్లంత బిందెలు పట్టుకొని రోడ్డు మీద కూసుంటరు. అప్పుడు వాళ్లకు నీ పసుపు రంగు సూపిస్తవా?" పట్టిక ముందుకు లాక్కొని రెండో కాలమ్ మీద వేలు పెట్టారు. "ఇది ఎందుకు పెట్టిన్రు? ఇసుంటి బస్తీల కోసమే. ఆరు నెలలకు రాయి. ఈలోపల పైప్‌లైన్ వస్తది."

ఆయన మాటల్లో అబద్ధం లేదు. దాహం వేసిన మనిషికి సగం మంచి నీళ్లైనా నీళ్లే. నేను సీట్లోకి వచ్చి రాశాను: "వేరే నీటి వనరు లేనందున, ఈ బోరు నీటిని ఆరు నెలల వరకు సడలింపు కింద తాగడానికి వాడవచ్చు." కింద మూడు షరతులు పెట్టాను. మూడు నెలలకోసారి పరీక్ష చేయాలి. పసిపిల్లల పాలకు ఈ నీళ్లు వాడవద్దని బోరు దగ్గర బోర్డు పెట్టాలి. పసిపిల్లలున్న ఇళ్లకు వేరే నీళ్లు అందించాలి.

వేరే వనరు ఉందో లేదో నేను చూశానా? లేదు. ఎవరినైనా అడిగానా? అడగలేదు. సార్ అన్నారు, నేను రాశాను.

ఆరు నెలలయ్యాయి. పైప్‌లైన్ రాలేదు. పాత నోట్ ముందు పెట్టుకొని, తేదీ మార్చి, మిగతాది చూసి రాశాను. మళ్లీ ఆరు నెలలు. నాలుగోసారికి ఆ వాక్యం చూడకుండానే రాయడం వచ్చింది.

షరతుల సంగతి కూడా చెప్పాలి. పరీక్షలు నేను చేశాను. బోర్డు కాంట్రాక్టరు పెట్టాడు, కానీ ఇంగ్లీషులో. ఆ బస్తీలో దాన్ని చదవగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. కొన్నాళ్లకు దాని మీద ట్యూషన్ సెంటర్ కాగితం అంటించారు. పసిపిల్లల నీళ్లు ఒక్కరోజు కూడా రాలేదు. ప్రతిసారీ మూడు షరతులూ మళ్లీ రాస్తూనే ఉన్నాను. రాయడమే చేయడం అనుకున్నాను.

ఒక ఎండాకాలం అంకె రెండో కాలమ్‌ను కూడా దాటింది. ఇక సడలింపు ఇవ్వడానికి దారి లేదు. నరహరి సార్ కాగితం చూసి, "జర మళ్లీ శాంపిల్ తియ్యమ్మా, సీస సరిగ కడిగినవో లేదో" అన్నారు. సీసా నేనే కడిగాను, బాగానే కడిగాను. అయినా ఆగాను. రెండు వారాలకు వానలు పడ్డాయి. వాన నీళ్లు కలిసి పలచబడ్డాక మళ్లీ శాంపిల్ పట్టాను. అంకె లోపలికి వచ్చింది. దాన్నే రిజిస్టర్‌లో ఎక్కించి, మొదటి కాగితం చింపేశాను. నన్ను ఎవరూ చింపమనలేదు. అది నా సొంత తెలివి.

నేనిచ్చిన సలహా

యాదమ్మ పెంటమ్మ కోడలు. మందుల డబ్బాలు ప్యాక్ చేసే పనికి పోయేది. ఆమె మొగుడు మల్లేశ్ కూడా నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో మెషీన్ నడిపేవాడు. ఆడపిల్ల పుట్టిన రెండో నెలకే యాదమ్మ మళ్లీ పనికి పోవాల్సి వచ్చింది. పొద్దున పోతే పొద్దు గూకే వేళకు ఇల్లు. పాలు తగ్గి, తగ్గి, ఆగిపోయాయి. పాపకు డబ్బా పాలు పట్టించారు.

ఆ సంగతి నాకెట్లా తెలుసంటే, చూశాను కాబట్టి. ఆ రోజు ఆదివారం కాకపోయినా ఫ్యాక్టరీలకు ఏదో సెలవు. నేను శాంపిల్ పట్టి, ఎండకు తాళలేక ట్యాంకు నీడన కూర్చొని నా బ్యాగులోని సీసా తీసి నీళ్లు తాగుతున్నాను. మాది అంబర్‌పేట్. మా ఇంటికి నది నీళ్లు వస్తాయి. ఎక్కడికి పోయినా ఇంటినుంచే సీసా తెచ్చుకునేదాన్ని. యాదమ్మ చంకలో పాపతో, చేతిలో పాలసీసాతో వచ్చి నిలబడింది.

"మేడం, ఒకటడుగుత, ఏమనుకోవద్దు" అంది. "మీరు ఎన్నిసార్లు వచ్చినా మీ సీసల నీళ్లే తాగుతరు. మా నీళ్లు మంచియి కావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు చెవులు రిక్కించారు.

"మంచివే" అన్నాను. "నాకు అలవాటై తెచ్చుకుంటాను, అంతే."

"పాపకు పాలు ఈ నీళ్లతోనే కలుపుతున్న. పర్వలేదా?"

షరతు నేనే రాశాను. నా అక్షరాలతో రాశాను, ఒకసారి కాదు, అయిదుసార్లు. ఆ క్షణంలో అది నోటికి రాలేదని అంటే అబద్ధం. వచ్చింది. కానీ ఇప్పుడు వద్దంటే, మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఆ నలుగురి ముందు దానికి జవాబు లేదు. అందరికీ చెప్పే మాటే తొందరతొందరగా చెప్పేశాను.

"మరగబెట్టి చల్లార్చి కలుపు. ఏం కాదు."

"ఎంతసేపు మేడం?"

"బాగా మరిగించు."

మరగబెడితే క్రిములు చస్తాయి. నైట్రేట్ చావదు, ఎగిరిపోదు. నీళ్లు ఆవిరైపోయిన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కనవుతుంది. కెమిస్ట్రీ చదివిన మనిషికి ఇది తెలియకుండా ఎట్లా ఉంటుంది? తెలుసు. సిగ్గు దాచుకోవడానికి తెలిసినదాన్ని పక్కన పెట్టాను. యాదమ్మ నా మాట అక్షరాలా పాటించింది. పొద్దున్నే గిన్నె పొయ్యి మీద పెట్టి, సగానికి ఇంకేదాకా మరిగించేదట.

ఆఫీసులో అడిగిన ప్రశ్న

మూడు వారాలకు పాప పెదవులు, గోళ్లు నీలం తిరిగాయి. ఏడవడానికి కూడా శక్తి లేక మూలిగిందట. మల్లేశ్ ఆటోలో పిల్లల పెద్ద దవాఖానాకు తీసుకెళ్లాడు. అక్కడ ఒక డాక్టరమ్మ నెత్తురు తీసి చూస్తే అది ఎర్రగా లేదు, చాక్లెట్ రంగులో ఉంది. ఆమెకు వెంటనే అర్థమైంది. "ఏ నీళ్లతో పాలు కలుపుతున్నరు?" అని మొదట అడిగింది అదేనట. సూది మందు ఇచ్చారు. పాప బతికింది.

నాలుగో రోజు వాళ్లు మా ఆఫీసుకు వచ్చారు. మల్లేశ్, పెంటమ్మ, యాదమ్మ. పాప యాదమ్మ చేతుల్లో లేదు, పెంటమ్మ ఒళ్లో ఉంది. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ మల్లేశ్ టేబుల్ మీద పెట్టాడు. బోరు నీళ్లలో నైట్రేట్ ఎంతుందో చూడమని, ఆ నీళ్లతో పాలు కలపవద్దని, మరగబెడితే ఇంకా ఎక్కువవుతుందని అందులో ఉంది. నరహరి సార్ చదివి నా చేతికిచ్చారు.

పెంటమ్మ మెడ తిప్పి నన్ను చూసింది. "బస్తీల అందరు తాగుతున్నరు ఈ నీళ్లు. ఎవ్వలకు ఏం గాలే. ఈమె సగానికి సగం ఇంకబెట్టి విషం జేసింది. తల్లి పాలియ్యకపాయె, పైనుంచి గిదొకటి. అడిగితే, నీళ్ల మేడం మరగబెట్టమన్నది అంటది. నువ్వు జెప్పినవా బిడ్డా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నరహరి సార్ నన్ను చూస్తున్నారు. యాదమ్మ కూడా నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. అవునంటానని నమ్మకం ఉంది.

"నేను అందరికీ మామూలుగా చెప్పే మాట చెప్పానమ్మా. తాగే నీళ్లు మరగబెట్టుకోమని. పసిపిల్ల పాల సంగతి నాకు తెలియదు" అన్నాను.

యాదమ్మ నోరు తెరిచింది. ఏదో అనబోయింది. "అగో, సూసినవా" అంది పెంటమ్మ. యాదమ్మ నోరు మూసుకుంది.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? అంత పెద్ద భయం కూడా కాదు. ఒక చార్జి మెమో వచ్చేది, వివరణ రాసేదాన్ని, అయిపోయేది. అంత చిన్నదాని కోసం ఆ మాట అన్నాను. ఈ కాగితాల మీద నేను రాయడానికి వెనకాడిన వాక్యం ఇదొక్కటే.

పాప అన్నం తినే వయసు రాగానే పెంటమ్మ దాన్ని తీసుకొని ఊరికి వెళ్లిపోయింది. కోడలి చేతికి పిల్లనివ్వనంది. ఐలయ్య ద్వారా నాకు తెలిసింది. "మళ్లీ ఆ ఫ్లోరైడ్ ఊరికేనా?" అని అడిగాను.

"నేనూ గట్లనే అడిగిన మేడం. 'మా ఊరి నీళ్లు నడుము వంచుతయ్, పానం తియ్యవు' అన్నది ముసల్ది."

గోడ అవతలి పైపు

పాప దవాఖానా నుంచి వచ్చిన మర్నాడే ఆ బోరు నీళ్లు తాగడానికి పనికిరావని తెలుగులో పెద్ద అక్షరాలతో నేనే దగ్గరుండి రాయించాను. వారానికి మూడుసార్లు నది నీళ్ల ట్యాంకర్ ఏర్పాటైంది. మూడేళ్లు కుదరదన్నది మూడు రోజుల్లో కుదిరింది. ఎట్లా కుదిరిందని నరహరి సార్‌ను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ తర్వాత పైప్‌లైన్ పనులు చూసే ఆఫీసుకు మొదటిసారి వెళ్లాను. మొదటిసారి! మూడేళ్లుగా "పైప్‌లైన్ వచ్చేవరకు" అని రాస్తూ ఒక్కసారీ ఆ మెట్లెక్కలేదు. అక్కడి ఇంజనీరు కోస్తా వైపు పెద్దాయన. బస్తీ పేరు చెప్పగానే పాత ఫైలు తెప్పించి తిరగేశారు.

"ఇదుగోనండీ. మీ బస్తీ మా మొదటి లిస్టులోనే ఉంది. తర్వాత తీసేశాం."

"ఎందుకు సార్?"

"అదేంటండీ, మీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది కదా, బోరు నీళ్లు వాడుకోవచ్చని. అసలు వాడకూడని నీళ్లు తాగుతున్న చోట్లు బోలెడున్నాయి. వాటిని పైకి జరిపాం." కాగితం నా వైపు తిప్పారు. కింద నా సంతకం. "మీరు వాడుకోవచ్చని రాయకపోయుంటే ఎప్పుడో వేసేవాళ్లమండీ. మెయిన్ లైను ఎంత దూరమనుకున్నారు? ఆ షెడ్ల గోడకు అవతలే పోతుంది."

మర్నాడు వెళ్లి చూశాను. షెడ్ల చుట్టూ తిరిగి పెద్ద రోడ్డు ఎక్కి, బస్తీ నల్లాల నుంచి ఆ లైను దాకా అడుగులు వేసుకుంటూ నడిచాను. పది నిమిషాలు పట్టలేదు. వేరే వనరు ఆ గోడ అవతల ఉండింది. దయతో చేస్తున్నాననుకున్న పనే వాళ్లను వరస చివరికి నెట్టింది.

సడలింపు రద్దు చేస్తూ కొత్త కాగితం రాసి నరహరి సార్ ముందు పెట్టాను. చింపేసిన ఎండాకాలం అంకెతో సహా రాశాను. ఆయన చాలాసేపు చదివారు. పెన్ను తీసి, ఆగి, "ఇద్దరం గలిసి రాసినం గదమ్మా ఇన్నేండ్లు" అన్నారు. సంతకం పెట్టారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన వెనక దాక్కొని నేను పని చేశాను, ఆయన ఇంకెవరి వెనకనో.

వరసలో వెనకబడిన బస్తీ ముందుకు రావడానికి మళ్లీ ఏళ్లు పట్టింది. ఈలోపు ఆ ప్రాంతమంతా గ్రేటర్ కార్పొరేషన్‌లో కలిసింది, ఫైళ్లు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మారాయి. ఆఖరికి నీళ్లు వచ్చాయి. నల్లా తిప్పిన రోజు నేను పోలేదు. పోయే మొహం లేక.

కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పగలిగింది ఎక్కువ లేదు. ఇప్పటి ప్రమాణాల్లో నైట్రేట్‌కు ఆ రెండో కాలమ్ ఎత్తేశారు, సడలింపు లేదన్నారు. మంచిదే. కానీ మిగతా చాలావాటికి ఇంకా ఉంది, మీ టేబుల్ మీదికి వస్తుంది. సడలింపు అవసరం లేదని నేననను. నీళ్లే లేకపోవడం కన్నా ఘోరం లేదు. వేరే వనరు లేదని రాసే ముందు మాత్రం ల్యాబ్ దిగి నడవండి. ఆ బస్తీ చుట్టూ నడవండి, పైపుల ఆఫీసు మెట్లెక్కండి. రెండుసార్లు శాంపిల్ పడితే రెండు అంకెలూ ఉంచండి. షరతు రాస్తే అది జరిగిందో లేదో మీరే పోయి చూడండి, చూసేవాళ్లు వేరే ఎవరూ ఉండరు. నల్లా దగ్గర ఆడమనిషి ఏదైనా అడిగితే, తెలిసింది తెలిసినట్టు చెప్పండి. అక్కడ ఎంతమంది వింటున్నారన్నది లెక్కలోకి తీసుకోకండి.

యాదమ్మ ఇంట్లో

రిటైరైన నెలకు బస్తీకి వెళ్లాను. ఐలయ్య ఇల్లు చూపించాడు. రేకుల ఇల్లు పోయి స్లాబు పడింది. వాకిట్లో నల్లా. మధ్యాహ్నం అన్నాలయ్యాయి, యాదమ్మ నల్లా ముందు కూర్చొని గిన్నెలు తోముతోంది. నన్ను గుర్తుపట్టింది. లేవలేదు.

ఎదుట ఉన్న పీట మీద కూర్చున్నాను.

"ఆ రోజు మరగబెట్టి పాలు కలపమని నేనే చెప్పాను యాదమ్మా. నీ చేతిలో పాలసీసా చూసే చెప్పాను. ఆఫీసులో అబద్ధమాడాను."

"నాకు తెల్సు గదా మేడం" అంది. తల ఎత్తకుండానే అంది. "నాకు జెప్పి ఏం జేస్తరు? నేను ఆడనే ఉన్న గదా. మా అత్తకు జెప్పాలె. ఆమె సచ్చి మూడేండ్లయింది."

ఆమె ఇసుక రాచి గిన్నె రుద్దుతూనే ఉంది.

"అయిదేండ్లు నా పిల్ల నా కాడ లేదు మేడం. పండుగకో పబ్బానికో పోతే, 'మీ అమ్మ నిన్ను సంపబోయింది' అని దానికి నా ముంగటనే జెప్పేది ముసల్ది. ముసల్ది పోయినంకనే నా తానకు వచ్చింది. ఇప్పటికి నేను పాలు కలిపిస్తే తాగదు. నీళ్లు గూడ తనే ముంచుకుంటది."

అని లోపలికి చూసి పిలిచింది. "శిరీషా, గిటు రా."

తొమ్మిదేళ్ల పిల్ల గుమ్మంలోకి వచ్చింది. ఒంటిపూట బడి నుంచి వచ్చి, స్కూలు డ్రెస్సు ఇంకా విప్పలేదు. నన్ను చూసి నవ్వబోయి చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ లోపలే చూశాను. ముందు పళ్లన్నీ పసుపూ గోధుమ రంగు చారలు. ఆ చారలు ఏ ఊరి నీళ్లవో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"గీ మేడం నీకు ఒక ముచ్చట జెప్తదట. విను" అంది యాదమ్మ.

ఆఫీసర్లకు ఎన్నో రిపోర్టులు చదివి వినిపించాను. ఆ పిల్లకు చెప్పడం కన్నా కష్టమైనది ఏదీ లేదు. చిన్నప్పుడు నీకు జబ్బు చేసింది మీ అమ్మ వల్ల కాదన్నాను. నీళ్లలో ఒక చెడు ఉండింది, అది నాకు తెలుసు, మీ అమ్మ వచ్చి అడిగితే తప్పు చెప్పాను, మీ నాయినమ్మ అడిగితే అబద్ధం చెప్పాను అన్నాను. నేను చెప్పినట్టే మీ అమ్మ చేసింది, నీకు మంచి జరగాలనే చేసింది అన్నాను.

శిరీష చేయి నోటి మీదినుంచి తీయకుండానే విన్నది. "అయితే అమ్మ తప్పు లేదా?" అని అడిగింది.

"లేదు. తప్పు నాది."

"నాయినమ్మకు తెల్వదా గీ సంగతి?"

"తెలియదు బిడ్డా. నేను చెప్పలేదు."

ఆ పిల్ల ఇక నా వైపు చూడలేదు. గుమ్మం దిగి వచ్చి, వాళ్లమ్మ పక్కన గొంతుకూర్చొని, తోమిన గిన్నెలు ఒక్కొక్కటే అందుకొని నల్లా కింద కడగడం మొదలుపెట్టింది.